పాస్టరు అయ్యగారు వస్తేనే ఇంటి దర్శనమా? సంఘస్థులు వెళ్తే లెక్కలోకి రాదా?

ప్రశ్న (కొరిటెపాడు ట్రెజరర్)

అందరికీ వందనాలు. మాది గుంటూరు. ఏ సంఘమో పేరు చెప్పను, పాత మిషను సంఘాల్లో ఒకటి అనుకోండి. నేను కమిటీలో ట్రెజరర్ని. అంటే కానుకల లెక్క, కరెంటు బిల్లు, మైకు రిపేరు, క్రిస్మస్‌కు ముందు సున్నాలు. ఆత్మల సంగతి అయ్యగారిది, అణాపైసల సంగతి నాది అనుకుని ఇన్నాళ్లూ హాయిగానే ఉన్నాను.

సంక్రాంతికి ముందు మా అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం పోలేదు, అది దేవుడి దయ (మాట పోకపోవడం వల్ల మా ఆవిడ పడే తిప్పలు వేరే కథ). రోజూ దీపాలు పెట్టే వేళకు ఒకటే ప్రశ్న: "అయ్యగారు రాలేదేంరా?"

అయ్యగారికి టౌన్లో మా సంఘం కాక ప్రత్తిపాడు వైపు ఇంకో రెండు ఊళ్లున్నాయి. ఆదివారం ఇక్కడ ఆశీర్వచనం అయీ అవకముందే ఆయన బండి స్టార్ట్ అవుతుంది. మధ్యలో పెళ్లిళ్లు, భూస్థాపనలు, పైవాళ్ల మీటింగులు. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒకసారి వచ్చి, నిలబడి ప్రార్థన చేసి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆయన్ని తప్పు పట్టడానికి రాయడం లేదు.

అలాగని ఎవరూ రావడం లేదని కాదు. స్త్రీల సమాజం వాళ్లు వస్తారు. మా వీధి చివర ఒక టీచరు అక్క ఉంది. గురువారం గురువారం వచ్చి అమ్మ గోళ్లు కత్తిరించి, తలకు నూనె రాసి, ఒక కీర్తన చదివి, మా ఆవిడతో కాసేపు మాట్లాడి వెళ్తుంది. ఆమె గేటు వేసిన చప్పుడు ఆగకముందే అమ్మ అంటుంది, "సంఘం మనల్ని మర్చిపోయిందిరా" అని. ఆ మాట ఆ అక్క చెవిన ఎక్కడ పడుతుందోనని నాకు టెన్షన్.

ఇది చూసి కమిటీలో ఒక మాట ఎత్తాను. పేటల వారీగా ఇళ్లు పంచుకుని, మంచాన పడ్డవాళ్లను, ఒంటరి ముసలివాళ్లను మనమే చూసొద్దాం అన్నాను. మా సీనియర్ పెద్దాయన వెంటనే, "అయ్యగారి పని మనం చేస్తే ఇక అయ్యగారెందుకు?" అన్నాడు. యూత్ సెక్రటరీ ఊరుకోకుండా, "ఆ పనీ ఆయనదే అయితే ఇక మనమెందుకు?" అన్నాడు. తర్వాత ఎజెండాలో మైకు వచ్చింది. మైకు గురించి గంట మాట్లాడుకున్నాం.

తెలిసినవాళ్లు చెప్పండి. సంఘస్థులు ఎంతవరకు చెయ్యొచ్చు, ఎక్కడ ఆగాలి? ఇంట్లో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వాలంటే ఎవరివ్వాలి? అసలు ఇది సిద్ధాంతానికి విరుద్ధమా, లేక మా పెద్దాయనకు మాత్రమే విరుద్ధమా?

జవాబు (ఉపదేశి మనవడు)

మీ పెద్దాయనకు నా వందనాలు చెప్పి, యాకోబు పత్రిక అయిదో అధ్యాయం 14వ వచనం ఆయన చేతే చదివించండి. రోగి ఎవరిని పిలిపించుకోవాలి అని ఉందో చూడమనండి. సంఘపు పెద్దల్ని. ఒక్కరిని కాదు, బహువచనం. ఆయన ఎవరి పని అంటున్నాడో ఆ పని ఆయన పేరు మీదే రాసి ఉంది.

నేను లూథరన్‌ని, మా లెక్క చెప్తాను. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే అని మా సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1520లో రాశాడు. దానికి ఆధారం మొదటి పేతురు 2:9. ఇది పట్టుకుని కొందరు "అయితే ఎవరైనా బల్ల ఇవ్వొచ్చు" అంటారు, అదీ తప్పే. మా విశ్వాస ప్రకటన, అంటే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, 14వ అంశం ప్రకారం సరైన పిలుపు లేనివాడు సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు (బాప్తిస్మం, బల్ల) జరిపించకూడదు. కాబట్టి ప్రార్థన, వాక్యం చదవడం, ఓదార్చడం, పక్కన కూర్చోవడం, ఆసుపత్రికి తీసుకెళ్లడం, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బల్ల అయ్యగారిది.

ఇక "మొదట్నించీ అయ్యగారే చేస్తున్నారు" అని మీ పెద్దాయన అంటే మాత్రం ఒప్పుకోకండి. గుంటూరులో చరిత్ర తిరగేసి ఉంది. లూథరన్ మిషనరీ హయ్యరు గారు 1842లో ఇక్కడ అడుగుపెట్టారు. ఆయన తర్వాత పల్లెల్లో సంఘాలు లేచాయి గానీ ఊరికో గురువు (పాస్టరు) ఎక్కడ దొరికాడు? పల్లెలో ఉండేది ఉపదేశి. మా తాత అదే. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ప్రసంగం, ఎవరికైనా జ్వరమొస్తే రాత్రంతా వాళ్ల అరుగు మీదే. పట్టం పొందిన గురువు బాప్తిస్మాలకూ బల్లకూ అప్పుడప్పుడు వచ్చేవాడు. తెల్లదొరలు గానీ మన గురువులు గానీ కాలు పెట్టలేని ఇళ్లలోకి, ఆడవాళ్ల గదుల్లోకి వెళ్లింది ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు. 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ గారు డాక్టరు, గురుపట్టం లేదు. 1898లో ఆమె తెరిచిన ఆసుపత్రిలో మంచాల పక్కన జరిగింది కాపరి పని కాదని ఎవరైనా అనగలరా?

అయ్యగార్లు ఊరూరా స్థిరపడ్డాక మనం చేతులు కట్టుకుని బెంచీల్లో కూర్చున్నాం. నా ఉద్దేశంలో జరిగింది ఇదే.

జవాబు (అరండల్‌పేట)

మరి దశమభాగాలు దేనికి ఇస్తున్నట్టు? జీతం తీసుకునే ఆయన రావాలి. అంతే.

జవాబు (పటమట నర్సమ్మ)

బాబూ, నేను విజయవాడలో ఉంటాను. సర్వీసంతా నర్సుగానే గడిపి రిటైరయ్యాను. మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) మందిరంలో రోగుల్ని చూసొచ్చే పని నాకూ ఇంకొందరికీ అప్పగించారు. సిద్ధాంతం తమ్ముడు చెప్పాడు, నేను మంచం దగ్గరి సంగతి చెప్తాను.

ముందు మీ అమ్మగారి విషయం. ఎడమ వైపు పడిపోయిందన్నావు. అలాంటివాళ్లలో కొందరికి ఎడమ పక్క ఏముందో తోచదు. కళ్లు బాగానే ఉంటాయి, మెదడే ఆ పక్కను పట్టించుకోదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు, ఆ పక్కనుంచి పలకరిస్తే గోడకేసి చూసి జవాబిస్తారు. మీ గురువారం అక్క ఏ పక్కన కూర్చుంటోందో ఒకసారి చూడు. ఎడమ పక్క అయితే, ఆమె వచ్చిన సంగతి మీ అమ్మగారికి సగమే అంది ఉండొచ్చు. కుడి పక్కన, మొహం కనిపించేలా కూర్చోమను. ఇదే కారణమని నేను అనడం లేదు, మీ డాక్టరుగారిని అడుగు. కానీ పెద్దావిడది కృతఘ్నత అనుకునే ముందు స్టూలు జరిపి చూడటం తేలిక కదా.

రెండోది బల్ల సంగతి. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. నీళ్లయినా ద్రాక్షారసమయినా పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడ నిమ్ము చేస్తుంది. అయ్యగారు వచ్చేముందే ఇంటివాళ్లు చెప్పాలి, ఆయనా అడగాలి. పడుకోబెట్టి ఇవ్వకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. రొట్టె చిటికెడు చాలు. రసం ఎలా ఇవ్వాలో, అసలు ఇవ్వొచ్చో లేదో, డాక్టరుగారి మాట ప్రకారం. తర్వాత వెంటనే పడుకోబెట్టొద్దు. ఇది ఏ బైబిలు కాలేజీలో నేర్పుతారో నాకు తెలియదు గానీ, సంఘంలో ఒక నర్సు ఉంటే చాలు. చూశావా, అయ్యగారి పని అయ్యగారే చేసినా పక్కన మనం ఉండాలి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగడం, భుజం కింద చెయ్యి వేసి ఎత్తడం చెయ్యొద్దు. ప్రేమతోనే చేస్తారు, భుజం కీలు జారుతుంది.

వెళ్లినవాళ్లు ఎంతసేపుండాలి అంటే, నా లెక్కలో రోగి మొహం చెప్తుంది. ప్రార్థన చిన్నగా చెయ్యాలి. లోకంలోని అనాథలందరినీ, ప్రభుత్వాన్ని, వర్షాల్ని ఆ మంచం దగ్గరే ప్రార్థనలో పెట్టేవాళ్లున్నారు. ఈలోపు ఆమెకు బెడ్‌పాన్ కావాలి, పైకి చెప్పలేదు. మాట పోయినవాళ్లతో అయితే నేను పాట అందుకుంటాను. ఒకావిడ నీళ్లు కావాలని కూడా అడగలేకపోయేది, నేను "పరలోకమందున్న మా తండ్రీ" మొదలుపెడితే చివరిదాకా తప్పు లేకుండా చెప్పేది. కొడుకు గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. అది అద్భుతం అని ఆ ఇంట్లో అనుకున్నారు. మాట పోయినవాళ్లలో చిన్నప్పుడు కంఠతా పట్టినవీ పాటలూ మిగలడం నేను వార్డులో చాలామందిలో చూశాను. అది చెప్పి వాళ్ల సంతోషం ఎందుకు చెడగొట్టాలి, ఊరుకున్నాను.

ఇంకో మనిషిని అందరూ మర్చిపోతారు. మీ ఆవిడ. మంచాన పడ్డవాళ్లకు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. వచ్చినవాళ్లంతా పెద్దావిడకే దండం పెడతారు, కోడలు కాఫీలు కలుపుతూ ఉంటుంది. నేను వెళ్లిన ఇంట్లో ముందు వంటింట్లోకి వెళ్లి "అమ్మా, నువ్వు తిన్నావా? నేనిక్కడ కూర్చుంటాను, వెళ్లి తలస్నానం చేసి రా" అంటాను. ఆ మాటకు ఏడ్చిన కోడళ్లు ఉన్నారు.

ఇక నువ్వు అడగని సంగతి ఒకటి. ఎంతవరకు చెయ్యొచ్చు అని అడిగావు. సంఘస్థులు చెడిపోయేది ఎక్కువ చెయ్యడం వల్ల కాదు బాబూ, నోటివల్ల. ఒకింటికి వెళ్తాం, ఆమె తన గర్భసంచి ఆపరేషన్ సంగతి చెప్తుంది. మనం గేటు దాటకముందే వాట్సాప్ గ్రూపులో "ఫలానా సహోదరి గర్భసంచి గురించి ప్రార్థించండి" అని పెడతాం, కింద అరవై మంది చేతులు జోడించిన బొమ్మలు. ఆమె మరుసటి ఆదివారం మందిరానికి ఎలా వస్తుంది? కొడుకు తాగుడు, కూతురు పుట్టింటికి తిరిగిరావడం, కొందరికి రక్తపరీక్షలో వచ్చిన జబ్బు, అన్నీ ప్రార్థన విన్నపాల పేరుతోనే బజారుకెక్కుతాయి. మా దగ్గర ఒకటే కట్టుబాటు పెట్టాం. వాళ్లు "చెప్పండి" అన్నది చెప్పాలి, అననిది అయ్యగారికి కూడా అడిగే చెప్పాలి. ఇది ఒప్పుకోని వాళ్లను, ఎంత ప్రార్థనాపరులైనా, ఇళ్లకు పంపం. ఒకరిద్దరికి కోపం వచ్చింది. రానివ్వు.

జవాబు (గుణదల కొండ కింద)

కతోలికుణ్ణి, పక్కింటివాణ్ణి అనుకుని వినండి. మా దగ్గర గీతలు కాస్త గట్టిగా ఉంటాయి, అందుకే కొన్ని సంగతుల్లో గొడవ తక్కువ. యాకోబు పత్రికలోని ఆ "పెద్దలు" అంటే గురువులేనని 1551లో మా కతోలిక పెద్దల ట్రెంటు మహాసభ తేల్చేసింది. కాబట్టి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (నూనె పూసి ప్రార్థించడం), పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు వినడం) గురువుకే చెల్లుతాయి, మరొకరికి చెల్లవు. కానీ దివ్యసత్ప్రసాదం (మీరు బల్ల అనేది) మంచం దగ్గరికి తీసుకెళ్లడానికి నియమించిన, గురుపట్టం లేని గృహస్థులకు 1973 నుంచి రోమ్ అనుమతి ఉంది. పూజలో ఆశీర్వదించినదాన్నే వాళ్లు మోసుకెళ్తారు. అంటే ఆ ఇల్లు ఆ ఆదివారం పూజలో ఉన్నట్టే.

ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మా విచారణలో (అంటే మా గుడి పరిధిలో) ఆ పనికి వెళ్లేవాళ్లను గురువుగారు పూజలో, అందరి ముందు పిలిచి పంపిస్తారు. అందువల్ల తలుపు తట్టినప్పుడు "మీరెవరు?" అని ఎవరూ అనరు. మీ అమ్మగారికి టీచరమ్మ పక్కింటి మనిషిలా వస్తోంది, సంఘం పంపగా వచ్చినట్టు ఆమెకు తెలియడం లేదు. మీ అయ్యగారు ఒక ఆదివారం ఆమెను ముందుకు పిలిచి ప్రార్థించి పంపిస్తే ఏం పోతుంది?

మా గుణదల మేరీమాత కొండ తిరునాళ్ల ఆఖరి రోజు, ఫిబ్రవరి 11, ప్రపంచ రోగుల దినం కూడా. రెండో జాన్‌పాల్ పాపుగారు 1992లో ఏర్పాటు చేశారు. ఆ రోజు కొండ దగ్గర చక్రాల కుర్చీలు తోసేవాళ్లను చూడండి. ఎక్కువమంది కుర్రాళ్లే, గురువులు కాదు.

జవాబు (పల్లె సంఘాల కాపరి)

అరండల్‌పేట సోదరుడికి ముందు. జీతం నెలకు ఎంతో, అది ఎన్ని నెలలకు వస్తుందో మీ ట్రెజరర్‌ని అడగండి. నేనిక్కడ చెప్పను.

ట్రెజరర్‌గారూ, నేను మీ అయ్యగారిని కాను, అలాంటివాణ్ణే. మాకు ఎవరూ చెప్పరు. ఇది ఫిర్యాదే అనుకోండి. పాస్టరుకు దేవుడే బయలుపరుస్తాడని సంఘం నమ్మకం. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చి, "అయ్యగారు చూడటానికి కూడా రాలేదు" అని అలిగినవాళ్లున్నారు. నాకు ఆ సంగతి తెలిసిందే ఆ అలకవల్ల. మీ బృందం నాకు ఆదివారం సాయంత్రం ఒక చీటీ ఇస్తే చాలు: ఎవరు మంచాన ఉన్నారు, ఎవరు బల్ల అడుగుతున్నారు, ఎవరు నాతో ఒంటరిగా మాట్లాడాలంటున్నారు. ఆ మూడోది ముఖ్యం. కొన్ని సంగతులు వీధిలో రోజూ ఎదురుపడే మనిషికి చెప్పుకోలేరు. ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయే మనిషికి చెప్పుకుంటారు. మా ట్రాన్స్‌ఫర్ల వల్ల ఉన్న లాభం అదొక్కటే.

మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెప్తుంటే, "నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పదిమందికొకణ్ణి పెట్టు" అన్నది వాళ్ల మామ యిత్రో. నిర్గమకాండం 18. మా మామగారు మాత్రం ఇంకో ఊరు కూడా తీసుకోమంటున్నారు.

మీ అమ్మగారి వయసువాళ్లు అయ్యగారి కోసం ఎదురుచూడటంలో తప్పు లేదు. వాళ్లకు బాప్తిస్మం, పెళ్లి, పిల్లల బాప్తిస్మాలు, భర్త భూస్థాపన, అన్నిటికీ అయ్యగారి తెల్లంగీ ఉంది. అది రానంతకాలం తమ సంగతి పైకి చేరలేదనిపిస్తుంది. దాన్ని వాదించి మార్చలేరు. మీ అయ్యగారికి ఫోన్ చేసి, "అమ్మకు బల్ల కావాలి, ఈ వారంలో ఏ రోజు?" అని రోజు అడగండి. "వీలుచూసుకుని రండి" అనకండి. మాకు వీలు ఎప్పుడూ ఉండదు. రోజు చెప్తే వస్తాం. వచ్చేటప్పుడు టీచరమ్మను కూడా పిలవండి, ఇద్దరినీ ఒకే గదిలో చూడనివ్వండి.

కొరిటెపాడు ట్రెజరర్ మళ్లీ

అందరికీ వందనాలు, ముఖ్యంగా నర్సమ్మగారికి. మా గదిలో మంచం కుడి పక్క గోడకు ఆనించి ఉంది. అంటే స్టూలు వేస్తే ఎడమ పక్కే వెయ్యాలి. నేనూ మా తమ్ముడూ మంచం తిప్పాం. ఫిజియోథెరపీ అతన్ని అడిగితే, "ముందే చెప్పానుగా సార్" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు. ఇప్పుడు అమ్మ, "టీచరమ్మ వచ్చింది, చాలాసేపు కూర్చుంది. అయ్యగారే రాలేదు" అంటోంది. అభివృద్ధే.

అయ్యగారికి రోజు అడిగి ఫోన్ చేశాను. శుక్రవారం పొద్దున్నే వచ్చారు. అమ్మను దిండ్లతో కూర్చోబెట్టాం, రొట్టె గోరంత, రసం డాక్టరు చెప్పినట్టు చెంచాతో. టీచరమ్మ పక్కనే ఉండి కీర్తన చదివింది. అమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. ప్రత్తిపాడులో ఆయనకు ఆలస్యమైంది, అక్కడివాళ్లు నన్ను తిట్టుకుని ఉంటారు.

కమిటీలో మళ్లీ పెట్టాను. యాకోబు పత్రిక పెద్దాయన చేతే చదివించాం, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. వెళ్లేవాళ్లను అయ్యగారు అందరి ముందు పిలిచి పంపాలి, వాట్సాప్‌లో ఎవరి జబ్బూ పెట్టకూడదు, ఆదివారం చీటీ ఇవ్వాలి, ఇంతవరకు ఒప్పుకున్నారు. గ్రూపు అడ్మిన్ అలిగాడు.

ఒక్కటి తేలలేదు. కమిటీతో గొడవపడి మందిరానికి రావడం మానేసిన ఇల్లు ఒకటుంది. ఆ ఇంటాయనకు ఇప్పుడు డయాలసిస్ జరుగుతోంది. ఎవరు వెళ్తారు అంటే మా పెద్దాయన నేను వెళ్తానన్నాడు. గొడవ పడింది ఆయనతోనే. పంపమంటారా, వద్దా?